వాహనంలో రెండో లిథియం బ్యాటరీ: ఆల్టర్నేటర్ దెబ్బతినకుండా ఛార్జ్ చేసుకోవడం ఎలా

ఇంజిన్ ఆపేసిన తర్వాత కూడా వాహనంలో ఫ్రిజ్, దీపాలు, ఫ్యాను, ల్యాప్‌టాప్ వంటివి గంటల తరబడి నడవాలంటే, ఆ భారాన్ని బండిని స్టార్ట్ చేసే బ్యాటరీ మీద వేయకూడదు. ఆ బ్యాటరీ సెల్ఫ్ మోటారును కొన్ని సెకన్లపాటు బలంగా తిప్పడానికి తయారైనది. దాన్ని రోజూ సగానికి పైగా వాడేస్తూ పోతే త్వరలోనే పాడవుతుంది, పైగా తెల్లారేసరికి బండి స్టార్ట్ కాదు. అందుకే విడిగా మరో బ్యాటరీ పెట్టుకుంటాం. ఈ రెండో బ్యాటరీగా ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. ఇది బరువు తక్కువ, నిల్వ ఉన్న కరెంటులో చాలా భాగం వాడుకోవచ్చు, సరిగ్గా చూసుకుంటే వేల సార్లు నింపి ఖాళీ చేసినా తట్టుకుంటుంది. అయితే దీన్ని నింపే విషయంలో మామూలు బండ్లలో ఉండే లెడ్ యాసిడ్ (సీసం, ఆమ్లం) బ్యాటరీలతో మనకు అబ్బిన అలవాట్లు చాలావరకు పనికిరావు.

ఆ తేడా ఎక్కడుందో ముందు తెలుసుకోవాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీ కొంత నిండగానే తనంతట తానే కరెంటు తీసుకోవడం తగ్గిస్తుంది. లోపలి నిరోధం పెరిగి, ఛార్జింగ్ నెమ్మదిస్తుంది. లిథియం బ్యాటరీ అలా కాదు, దాదాపు పూర్తిగా నిండేవరకు ఎంత ఇస్తే అంత తీసుకుంటూనే ఉంటుంది. అందువల్ల వాహనంలో లిథియం బ్యాటరీ పెట్టేవాళ్లు బ్యాటరీ గురించి ఎంత ఆలోచిస్తారో, దానికి కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించే యంత్రం) గురించి అంతకంటే ఎక్కువ ఆలోచించాలి. నా దగ్గర సలహా అడిగిన ప్రతివారికీ నేను మొదట చెప్పేది ఇదే: తీసుకునేదానికి హద్దు లేదు కాబట్టి, ఇచ్చే దారిలో మనమే హద్దు పెట్టాలి.

బ్యాటరీకి కావలసిన అంకెలు

12 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో నాలుగు సెల్‌లు వరుసగా ఉంటాయి. ఒక్కో సెల్ నామమాత్రపు వోల్టేజీ 3.2, కాబట్టి మొత్తం 12.8 వోల్టులు. ఒక్కో సెల్‌కు పై హద్దు 3.65 వోల్టులు, అంటే బ్యాటరీకి 14.6. రోజువారీ వాడకానికి అంతదాకా వెళ్లనవసరం లేదు, 14.2 నుంచి 14.4 వోల్టుల దగ్గర ఆపితే బ్యాటరీ దాదాపు పూర్తిగా నిండుతుంది, సెల్‌ల మీద ఒత్తిడీ తగ్గుతుంది. నిండిన తర్వాత ఛార్జర్ 13.5 వోల్టుల దగ్గర నిలిస్తే చాలు. ఇక కరెంటు విషయానికొస్తే, 100 ఆంపియర్-అవర్ (అంటే ఒక్కో ఆంపియర్ చొప్పున 100 గంటలు ఇవ్వగల) బ్యాటరీకి 20 నుంచి 50 ఆంపియర్ల మధ్య ఇవ్వడం సాధారణంగా సురక్షితం. మీ బ్యాటరీ మీద ముద్రించిన గరిష్ఠ ఛార్జింగ్ కరెంటు అంతకంటే తక్కువ ఉంటే దానికే కట్టుబడాలి.

బ్యాటరీ పెట్టె లోపల బీఎంఎస్ అనే రక్షణ సర్క్యూట్ ఉంటుంది. ఏ సెల్ వోల్టేజీ అయినా హద్దు దాటినా, బాగా పడిపోయినా, వేడి ఎక్కువైనా ఇది బ్యాటరీని వైర్ల నుంచి తెంచేస్తుంది. ఇది చివరి రక్షణ మాత్రమే. దీని మీద భరోసా పెట్టుకుని ఛార్జింగ్‌ను వదిలేయడం, బ్రేకులున్నాయి కదా అని వాలులో చక్రాలకు అడ్డు పెట్టకుండా బండి నిలపడం లాంటిది.

నేరుగా కలపడంలో ఉన్న చిక్కు

రెండు బ్యాటరీలనూ లావుపాటి వైరుతో, మధ్యలో ఒక రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) పెట్టి కలపడం లెడ్ యాసిడ్ రోజుల నుంచి వస్తున్న పద్ధతి. లిథియం విషయంలో ఏం జరుగుతుందో లెక్క వేసి చూద్దాం. ఆల్టర్నేటర్ 14.4 వోల్టులు ఇస్తోంది, సగం ఖాళీ అయిన లిథియం బ్యాటరీ 13.2 దగ్గర ఉంది, తేడా 1.2 వోల్టులు. ముందు భాగం నుంచి వెనక్కి 5 మీటర్ల దూరం, రానూపోనూ 10 మీటర్ల రాగి వైరు, మందం 25 చదరపు మిల్లీమీటర్లు అనుకుంటే దాని నిరోధం సుమారు 0.007 ఓములు. బిగింపులు, రిలే, బ్యాటరీ లోపలి నిరోధం కలిపి మరో 0.005 వేసుకుందాం. 1.2ను 0.012తో భాగిస్తే 100 ఆంపియర్లు వస్తాయి. వైరు ఎంత లావుగా వేస్తే ఈ కరెంటు అంత పెరుగుతుంది. అంటే ఇక్కడ మంచి వైరింగే ఆల్టర్నేటర్‌కు ముప్పు తెచ్చిపెడుతుంది.

120 ఆంపియర్లు అని రాసి ఉన్న ఆల్టర్నేటర్ ఆ కరెంటును వేగంగా తిరిగేటప్పుడు, అదీ కొంతసేపు ఇవ్వగలదు. ఇంజిన్ న్యూట్రల్‌లో ఊరికే తిరుగుతున్నప్పుడు అందులో సగం చుట్టుపక్కలే ఇస్తుంది. పైగా దాన్ని చల్లబరిచే రెక్కలు దాని ఇరుసు మీదే ఉంటాయి కాబట్టి, నెమ్మదిగా తిరిగినప్పుడు గాలి కూడా తక్కువే. ఎక్కువ కరెంటు, తక్కువ గాలి, చుట్టూ ఇంజిన్ వేడి: ఈ మూడూ కలిస్తే లోపలి తీగల మీది పూత మాడుతుంది, కరెంటును ఒకే దిశలో పంపే డయోడ్లు పోతాయి. బండి ఆపి, ఇంజిన్ నడుపుతూ రెండో బ్యాటరీని నింపుకుందామనుకునేవారు ఈ మాట తప్పక గుర్తుంచుకోవాలి.

వోల్టేజీని బట్టి పనిచేసే రిలేది మరో సమస్య. అది 13.3 వోల్టుల దగ్గర కలుపుతుంది, 12.8 దగ్గర విడదీస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఇంజిన్ ఆగాక 12.7కు దిగిపోతుంది కాబట్టి రిలే తెరుచుకుని రెండింటినీ విడదీస్తుంది. లిథియం బ్యాటరీ విశ్రాంతిలో కూడా 13.2, 13.3 దగ్గరే నిలబడుతుంది. రిలేకు ఇంకా ఇంజిన్ నడుస్తున్నట్టే అనిపిస్తుంది. నేను మొదటిసారి ఇలాగే బిగించుకున్నప్పుడు, రాత్రంతా రిలే మూసుకునే ఉండి, ఉదయానికి తాకితే గోరువెచ్చగా ఉంది. ఫ్రిజ్ నడిచింది లిథియం మీదే అయినా, స్టార్టింగ్ బ్యాటరీ కూడా దానితో కలిసే ఉంది, అది 12.8కి పడిపోయి రిలే విడిపోయేసరికి లిథియంలో మిగిలింది ఐదో వంతు కూడా లేదు. ఇగ్నిషన్ తాళంతో పనిచేసే రిలే పెడితే ఈ ఇబ్బంది తప్పుతుంది గానీ, పైన చెప్పిన అదుపు లేని కరెంటు అలాగే ఉంటుంది.

బీఎంఎస్ హఠాత్తుగా తెంచేసినప్పుడు ఏమవుతుందన్నది కూడా ఆలోచించాలి. పెద్ద కరెంటు పారుతుండగా బ్యాటరీ ఒక్కసారిగా మాయమైతే ఆల్టర్నేటర్‌లోని అయస్కాంత క్షేత్రం వెంటనే తగ్గదు. దాని వోల్టేజీ క్షణంలో పైకి ఎగురుతుంది. అణచే ఏర్పాటు లేని 12 వోల్టుల వ్యవస్థలో అది 80 నుంచి 100 వోల్టుల దాకా పోగలదు. స్టార్టింగ్ బ్యాటరీ కలిసే ఉంటే ఈ ఎగుడును అది చాలావరకు మింగేస్తుంది. లిథియం ఒక్కటే ఆల్టర్నేటర్ మీద ఉన్న అమరికలోనే అసలు ప్రమాదం. అప్పుడు డయోడ్లు, వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటరు మాత్రమే కాక బండిలోని కంప్యూటర్లూ దెబ్బతినవచ్చు.

కొత్త వాహనాల్లో ఇంకో సంగతి ఉంది. ఇంధనం ఆదా కోసం వీటిలో ఆల్టర్నేటర్ వోల్టేజీని కంప్యూటరే మారుస్తుంటుంది. సాఫీగా వెళ్తున్నప్పుడు 12.5 వోల్టుల దగ్గరికి దించుతుంది, వేగం తగ్గించేటప్పుడు 15 దాకా పెంచుతుంది. దించినప్పుడు లిథియం బ్యాటరీ నిండదు సరికదా, నేరుగా కలిపి ఉంటే అదే ఎదురు కరెంటు ఇస్తుంది, పెంచినప్పుడు 14.6 హద్దు దాటుతుంది. ఇలాంటి బండిలో నేరుగా కలపడం గురించి ఆలోచించనే కూడదు.

డీసీ-డీసీ ఛార్జర్: చాలామందికి సరిపోయే దారి

పై చిక్కులన్నింటికీ ఒకే పరికరంతో దొరికే జవాబు డీసీ-డీసీ ఛార్జర్. ఇది స్టార్టింగ్ బ్యాటరీ వైపు నుంచి వచ్చే వోల్టేజీని, అది 12 అయినా 15 అయినా, తీసుకుని లిథియం బ్యాటరీకి కావలసిన 14.4కు మార్చి, ముందే నిర్ణయించిన ఆంపియర్లకు మించకుండా పంపుతుంది. 20, 30, 40 ఆంపియర్ల వంటి పరిమాణాల్లో దొరుకుతుంది. 24 వోల్టుల లారీ, బస్సులలో 12 వోల్టుల బ్యాటరీ పెట్టుకోవాలన్నా 24 నుంచి 12కు మార్చే రకం ఉంటుంది.

ఏ పరిమాణం తీసుకోవాలో ఆల్టర్నేటరే నిర్ణయించాలి. 30 ఆంపియర్ల ఛార్జర్ 14.4 వోల్టుల దగ్గర 432 వాట్లు ఇస్తుంది. పరికరంలో పదో వంతు నష్టం వేసుకుంటే అది లోపలికి 480 వాట్లు తీసుకోవాలి. ముందు వైపు 13 వోల్టులు ఉంటే అది 37 ఆంపియర్లు. అంటే పెట్టె మీద 30 అని ఉన్నా ఆల్టర్నేటర్ మీద పడేది 37. నేను పాటించే లెక్క ఏమిటంటే, ఛార్జర్ తీసుకునే కరెంటు ఆల్టర్నేటర్ సామర్థ్యంలో మూడో వంతుకు అటూ ఇటూ ఉండాలి. హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్, ఇంధన పంపు, రేడియేటర్ ఫ్యాన్లు తమ వాటా తీసుకోగా మిగిలినది వేడికి వెసులుబాటుగా ఉండాలి. 120 ఆంపియర్ల ఆల్టర్నేటర్‌కు 30 ఛార్జర్ బాగా సరిపోతుంది. 70 ఆంపియర్లదే ఉంటే 20కి మించవద్దు.

సమయం లెక్క తేలిక. 100 ఆంపియర్-అవర్ బ్యాటరీ 20 శాతానికి దిగితే నింపవలసింది 80. దాన్ని 30తో భాగిస్తే 2 గంటల 40 నిమిషాలు, చివర్లో కరెంటు తగ్గుతుంది కాబట్టి ఇంకాస్త. రోజుకు అరగంట మాత్రమే బండి నడిపేవారికి ఈ దారి ఒక్కటే చాలదు, దానికి సోలార్‌ గానీ ఇంటి కరెంటు గానీ తోడు కావాలి. దానికోసం పెద్ద ఛార్జర్ కొని ఆల్టర్నేటర్‌ను కష్టపెట్టడం సరైన మార్గం కాదు.

వైరు, ఫ్యూజు, బిగింపు

ఇక్కడ తొందరపడకండి, ఎందుకంటే వాహనాల్లో మంటలు చాలావరకు పుట్టేది బ్యాటరీలో కాదు, వైర్లలోనూ వాటి చివరల్లోనూ. 37 ఆంపియర్లు 10 మీటర్ల రానూపోనూ దూరం పారుతుంటే 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో ఒక వోల్టుకు పైగా పోతుంది. 10 వేస్తే 0.64 వోల్టులు, 16 వేస్తే 0.4 వోల్టులు. పోయిన ప్రతి వోల్టూ వైరులో వేడిగా మారుతుంది, ఆ లోటు పూడ్చుకోవడానికి ఛార్జర్ ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. అందుకని ఈ దూరానికి నేను 16 చదరపు మిల్లీమీటర్ల వైరే వాడతాను. మీ లెక్క మీరు వేసుకోవాలంటే, 0.0172ను మీటర్లలో మొత్తం పొడవుతో గుణించి, చదరపు మిల్లీమీటర్లలో మందంతో భాగించండి, వచ్చేది ఓములు. దాన్ని ఆంపియర్లతో గుణిస్తే పోయే వోల్టులు తెలుస్తాయి. రాగి పూత పూసిన అల్యూమినియం వైర్లు చూడటానికి ఒకేలా ఉంటాయి, చివర కోసి గీకి చూస్తే లోపల తెల్లగా కనిపిస్తుంది. వాటిని ఈ పనికి వాడవద్దు.

ఫ్యూజులు రెండు వైపులా ఉండాలి. ఒకటి స్టార్టింగ్ బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు దూరం లోపల, మరొకటి లిథియం బ్యాటరీ పాజిటివ్ పక్కన. ఛార్జర్ కాలిపోకుండా చూడటం ఈ ఫ్యూజుల పని కాదు. వైరు ఎక్కడైనా ఇనుముకు రాసుకుని షార్ట్ అయినప్పుడు రెండు బ్యాటరీలూ రెండు చివరల నుంచీ కరెంటు కుమ్మరిస్తాయి, ఆ రెండింటినీ ఆపాలి. 37 ఆంపియర్ల ప్రవాహానికి 50 ఆంపియర్ల మిడి ఫ్యూజు (బోల్టులతో బిగించే రకం) సరిపోతుంది. లిథియం బ్యాటరీ నుంచి ఇన్వర్టరుకు పోయే ప్రధాన వైరు మీద మాత్రం క్లాస్ టీ ఫ్యూజు పెట్టడం మేలు. షార్ట్ అయితే లిథియం సెల్‌లు వేల ఆంపియర్లు ఇవ్వగలవు. అంత ప్రవాహంలో మామూలు ఫ్యూజు తీగ కరిగినా నిప్పురవ్వ ఆగకుండా వంతెనలా నిలబడవచ్చు. క్లాస్ టీ ఫ్యూజు 20,000 ఆంపియర్లను కూడా తెంచగలిగేలా తయారవుతుంది.

లగ్ (వైరు చివర తొడిగే లోహపు కొస) బిగించే పనిని దగ్గరగా చూద్దాం. వైరు చివర తొడుగును లగ్ గొట్టం లోతుకు సరిపడా మాత్రమే ఒలవాలి. ఒక్క పోగు కూడా తెగకూడదు. పోగులు మెలితిప్పకుండా నేరుగా గొట్టంలోకి దూర్చి, ఆరు పలకల అచ్చున్న క్రింపింగ్ పనిముట్టుతో నొక్కాలి. సుత్తితో కొట్టినా, కటింగ్ ప్లయర్‌తో నొక్కినా పైకి గట్టిగానే కనిపిస్తుంది, లోపల పోగుల మధ్య గాలి మిగిలిపోతుంది. నొక్కిన తర్వాత లగ్‌ను ఒక చేత్తో, వైరును మరో చేత్తో పట్టుకుని బలమంతా పెట్టి లాగి చూడండి. నేను ఒకసారి ప్లయర్‌తో నొక్కిన లగ్, మొదట్లో అంతా బాగానే ఉండి, రెండు నెలల ప్రయాణం తర్వాత చుట్టూ ఉన్న తొడుగును గోధుమరంగుకు మార్చేసింది. ముక్కుకు ఘాటుగా తగిలిన ఆ వాసన వల్లే బానెట్ తెరిచి చూశాను. ఆ తర్వాత నుంచి ప్రతి కొత్త బిగింపునూ మొదటి దూర ప్రయాణం అయ్యాక ఇంకోసారి బిగించి చూస్తున్నాను.

నెగటివ్ వైరుకు బండి ఛాసిస్‌ను వాడుకోవచ్చు గానీ, కలిపే చోట రంగును ఉప్పుకాగితంతో మెరిసే లోహం కనిపించేదాకా గీకి, లగ్ బిగించి, పైన తుప్పు పట్టకుండా గ్రీజు పూయాలి. చాలా కొత్త వాహనాల్లో స్టార్టింగ్ బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సార్ ఉంటుంది. బ్యాటరీలోకి ఎంత వచ్చింది, ఎంత పోయింది అని అది లెక్కిస్తుంది. మన నెగటివ్ వైరును ఆ సెన్సార్‌ను దాటేసి నేరుగా టెర్మినల్‌కు బిగిస్తే దాని లెక్క తప్పుతుంది. అలాంటి బండిలో ఛాసిస్ బిందువు దగ్గరే కలపాలి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ వాహనాల్లో నారింజ రంగు వైర్లు ప్రాణాంతకమైన వోల్టేజీని మోస్తాయి, వాటి దరిదాపులకు కూడా వెళ్లకండి. వాటిలో చాలావరకు ఆల్టర్నేటర్ ఉండదు, పెద్ద బ్యాటరీ నుంచి 12 వోల్టులు తయారుచేసే కన్వర్టర్ ఉంటుంది. దాని మీద ఎంత అదనపు భారం వేయవచ్చో వాహనం మాన్యువల్ చూశాకే నిర్ణయించాలి.

బిగించే వరుస, పరీక్ష

పని మొదలుపెట్టేముందు స్టార్టింగ్ బ్యాటరీ నెగటివ్ విప్పండి. చేతికి ఉంగరం, గడియారం ఉంటే తీసేయండి. పాజిటివ్‌కూ బాడీకీ మధ్య ఉంగరం ఇరుక్కుంటే అది నిమిషం కూడా పట్టకుండా ఎర్రగా కాలుతుంది. ఛార్జర్‌ను లిథియం బ్యాటరీకి దగ్గరగా, గాలి ఆడే చోట, రెక్కలు నిలువుగా ఉండేలా అమర్చండి. ఛార్జర్‌ను గానీ లిథియం బ్యాటరీని గానీ ఇంజిన్ గదిలో పెట్టకూడదు. వైర్లు లాగేటప్పుడు ఇనుప రేకులోని ప్రతి రంధ్రానికీ రబ్బరు గ్రొమెట్ (వైరు అంచుకు కోసుకోకుండా కాపాడే రింగు) వేసి, ముడుతల గొట్టంలో దూర్చి, సైలెన్సర్ పైపుకు దూరంగా తీసుకెళ్లాలి. ఇగ్నిషన్ ఆన్ చేసినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే సన్నని వైరు ఒకటి ఛార్జర్‌కు ఇవ్వాలి. వోల్టేజీ మారే ఆల్టర్నేటర్ ఉన్న బండిలో ఛార్జర్‌కు ఇంజిన్ నడుస్తున్నదో లేదో తెలిసేది దీనివల్లే. అన్నీ బిగించాక, అన్నిటికంటే చివరన ఫ్యూజులు పెట్టండి.

ఛార్జర్‌లో బ్యాటరీ రకం లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అని ఎంచుకుని, వోల్టేజీ 14.4 లేదా 14.2, నిలుపు వోల్టేజీ 13.5 పెట్టండి. లెడ్ యాసిడ్ కోసం ఉండే ఈక్వలైజేషన్, డీసల్ఫేషన్ అనే సెట్టింగులు 15 వోల్టులు దాటిస్తాయి, వాటిని తప్పనిసరిగా ఆపేయాలి.

ఇంజిన్ స్టార్ట్ చేసి, ఛార్జర్ పూర్తి కరెంటుకు చేరాక మల్టీమీటరుతో నాలుగు చోట్ల కొలవండి: స్టార్టింగ్ బ్యాటరీ మీద, ఛార్జర్ లోపలికొచ్చే చోట, బయటికెళ్లే చోట, లిథియం బ్యాటరీ మీద. మొదటి రెంటి మధ్య తేడా అర వోల్టు దాటితే వైరు సన్నమైనా అయ్యుండాలి, ఎక్కడో బిగింపు వదులైనా అయ్యుండాలి. కరెంటు పారుతున్నప్పుడు కొలిస్తేనే ఇది తెలుస్తుంది. ఆగి ఉన్నప్పుడు చెడ్డ బిగింపు కూడా మంచి అంకె చూపిస్తుంది. అరగంట తర్వాత ప్రతి లగ్ దగ్గరా వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పెట్టి చూడండి. పక్కనున్న వైరు కంటే లగ్ ఎక్కువ వేడిగా ఉంటే దాన్ని కోసేసి కొత్తది వేయాలి. ఆల్టర్నేటర్ ఒంటి వేడి కూడా, ఇంజిన్ న్యూట్రల్‌లో ఉండగా కొలవండి. అది 100 డిగ్రీలు దాటి ఇంకా పెరుగుతూ పోతే ఛార్జర్ కరెంటును సగానికి తగ్గించండి. మంచి ఛార్జర్లలో ఆ వీలు ఉంటుంది.

సోలార్, ఇంటి కరెంటు, డాష్‌బోర్డు సాకెట్

ఎక్కువసేపు నిలిపి ఉంచే బండికి సోలార్ ఉత్తమమైన తోడు. 200 వాట్ల పలకలను బండి పైకప్పు మీద పరచి బిగిస్తే, ఐదు గంటల నిండు ఎండతో సమానమైన రోజున, వేడికీ వాలు లేకపోవడానికీ పోయేది పోగా సుమారు 700 వాట్-అవర్లు వస్తాయి. బ్యాటరీలోకి చేరేది 50 ఆంపియర్-అవర్లు. చిన్న కంప్రెసర్ ఫ్రిజ్ రోజుకు 30, 40 ఆంపియర్-అవర్ల దాకా వాడుకుంటుంది కాబట్టి, ఎండ బాగున్నన్నాళ్లు ఇంజిన్ అక్కర లేకుండానే గడుస్తుంది. కంట్రోలర్ ఎంపీపీటీ రకం (పలకల నుంచి వీలైనంత ఎక్కువ శక్తి రాబట్టేది) తీసుకోండి, దాన్ని లిథియం సెట్టింగులో పెట్టండి. ముందు బ్యాటరీ వైర్లు కలిపి, తర్వాతే పలకల వైర్లు కలపాలి. విప్పేటప్పుడు ముందు పలకలవి విప్పాలి. సామాను కట్టే కమ్మీ నీడ పలక మీద ఒక చారలా పడినా దిగుబడి ఊహించినదానికంటే చాలా తగ్గుతుంది, కాబట్టి పలకలను ఎక్కడ బిగించాలో నిర్ణయించే ముందు ఒక పూట నీడలు గమనించడం మంచిది. సోలార్‌నూ ఆల్టర్నేటర్‌నూ ఒకే పెట్టెలో కలిపిన ఛార్జర్లు వైరింగును బాగా తగ్గిస్తాయి.

ఇంటి దగ్గర ఉన్నప్పుడు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ కోసమే తయారైన ప్లగ్ ఛార్జర్‌తో రాత్రిపూట నింపుకోవచ్చు. లెడ్ యాసిడ్ ఛార్జర్‌తో సర్దుకుందామనుకుంటే రెండు సంగతులు చూసుకోవాలి: దాని వోల్టేజీ ఏ దశలోనూ 14.6 దాటకూడదు, డీసల్ఫేషన్ దశ ఉండకూడదు. బాగా ఖాళీ అయి బీఎంఎస్ తెంచేసుకున్న బ్యాటరీ మీటరులో సున్నా వోల్టులు చూపిస్తుంది. మామూలు ఛార్జర్ అక్కడ బ్యాటరీయే లేదనుకుని మొదలే పెట్టదు. లిథియం బ్యాటరీని మేల్కొలిపే సౌకర్యం ఉన్న ఛార్జర్ కావాలి.

డాష్‌బోర్డులోని 12 వోల్టుల సాకెట్‌కు సాధారణంగా 10 నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది, దాని వైరు కూడా సన్ననిదే. చేత్తో మోసుకెళ్లే పవర్ స్టేషన్లు (బ్యాటరీ, సాకెట్లు కలిసి ఉన్న పెట్టెలు) దీని నుంచి సుమారు 100 వాట్లు తీసుకుంటాయి. 1000 వాట్-అవర్ల పెట్టె నిండాలంటే పది గంటలకు పైగా పడుతుంది. అంతకంటే వేగం కావాలని ఫ్యూజు మార్చి పెద్దది పెట్టడం అత్యంత ప్రమాదకరం, ఎందుకంటే అప్పుడు ఫ్యూజు కంటే ముందు కాలేది వైరు. విడిగా వైరు లాగి, ఆ పెట్టె తట్టుకునేంతవరకే ఇవ్వాలి.

చలి, వేడి, లెక్క

సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్న లిథియం సెల్‌ను ఛార్జ్ చేస్తే, లిథియం గ్రాఫైట్ పొరల్లోకి ఇంకకుండా దాని మీద లోహంగా పేరుకుంటుంది. ఆ నష్టం తిరిగి రాదు, ఆ తర్వాత సెల్ లోపలే షార్ట్ అయ్యే ముప్పూ పెరుగుతుంది. చల్లని ప్రాంతాల్లో తిరిగేవారు బీఎంఎస్‌లో చలి రక్షణ ఉన్నదో లేదో కొనేముందే చూసుకోవాలి, లేదా లోపల హీటర్ ఉన్న బ్యాటరీ తీసుకోవాలి. వాడుకోవడానికి మాత్రం సున్నాకు కింద కూడా అడ్డు లేదు. పైవైపు చూస్తే ఛార్జింగ్‌కు 45 డిగ్రీలు సాధారణ హద్దు. అద్దాలు మూసి ఎండలో నిలిపిన బండి లోపల అది సులువుగా దాటుతుంది. అలాంటప్పుడు తలుపులు తెరిచి కాసేపు గాలి ఆడనిచ్చాకే ఛార్జింగ్ మొదలుపెట్టడం మంచిది.

బ్యాటరీలో ఎంత ఉందో వోల్టేజీని బట్టి చెప్పాలనుకుంటే లిథియం మోసం చేస్తుంది. 70 శాతానికీ 40 శాతానికీ మధ్య తేడా 0.1 వోల్టు చుట్టుపక్కలే. నెగటివ్ వైరు మీద షంట్ (తన గుండా పారే కరెంటును కొలవడానికి వాడే లోహపు ముక్క) పెట్టి, లోపలికి పోయినవీ బయటికి వచ్చినవీ లెక్కించే మానిటర్ ఒకటి పెట్టుకోండి. బ్యాటరీ నెగటివ్‌కు షంట్ ఒక్కటే తగలాలి. మిగతా నెగటివ్ వైర్లన్నీ, సోలార్‌తో సహా, షంట్ అవతలి వైపునే బిగించాలి, లేకుంటే కొంత కరెంటు లెక్కలోకి రాదు. ఎప్పుడూ సగంలోనే ఆపకుండా కొన్ని వారాలకోసారి పూర్తిగా నింపండి. సెల్‌లను సమం చేసే పనిని బీఎంఎస్ చేసేది పైవోల్టేజీ దగ్గరే, మానిటర్ కూడా అప్పుడే 100 శాతాన్ని మళ్లీ సరిచేసుకుంటుంది. ఛార్జింగ్ చివర్లో వోల్టేజీ 14.2 దగ్గర నిలిచి, 100 ఆంపియర్-అవర్ బ్యాటరీలోకి పోయే కరెంటు 5 ఆంపియర్లకు తగ్గితే నిండినట్టే.

బండిని నెలల తరబడి కదపకుండా ఉంచబోతున్నప్పుడు బ్యాటరీని నిండుగా వదలకండి. సగానికీ అరవై శాతానికీ మధ్య ఉంచి, ప్రధాన స్విచ్చి ఆపేయండి. యూఎస్‌బీ సాకెట్‌లోని నీలి దీపం, ఇన్వర్టరు స్టాండ్‌బై లాంటి చిన్న వాడకాలు కూడా రెండు నెలల్లో బ్యాటరీని అడుగుకు తెస్తాయి. బ్యాటరీ లోపలి బీఎంఎస్ తన పనికి కొద్దిగా తీసుకుంటూనే ఉంటుంది కాబట్టి, మూడు నెలలకోసారి స్విచ్చి వేసి మానిటర్ చూసి, 40 శాతం కంటే దిగి ఉంటే మళ్లీ అరవై దాకా నింపి ఆపండి.